నిమ్మకాయ మెరాంగ్ పై: గోదావరి డెల్టా వంటింట్లో తరచుగా అడిగే ప్రశ్నలు

నిమ్మకాయ మెరాంగ్ పై అంటే ఏమిటి?

ఇది మూడు అంతస్తుల తీపి వంటకం. అడుగున మైదా, వెన్న కలిపి పళ్లెం ఆకారంలో కాల్చిన కరకరలాడే రొట్టె ఉంటుంది. దాని లోపల నిమ్మరసం, పంచదార, పచ్చసొన, కార్న్‌ఫ్లోర్ కలిపి ఉడికించిన పుల్లటి ముద్ద ఉంటుంది. అన్నిటికంటే పైన, తెల్లసొనను పంచదారతో గిలక్కొట్టగా వచ్చిన తెల్లటి నురగను కుప్పగా పరచి, కొసలు గోధుమరంగు తిరిగే వరకు కాలుస్తారు. ఆ నురగనే మెరాంగ్ అంటారు. ఈ పేరు 1692లో ఫ్రాన్సులో అచ్చయిన ఒక మిఠాయిల పుస్తకంలో కనిపిస్తుంది. ఇక 'పై' (రొట్టె లోపల ముద్ద నింపి చేసే వంటకం) అన్న ఇంగ్లీషు మాటకు తెలుగులో వేరే అర్థం ఉండడం వల్ల, మొదటిసారి విన్నవాళ్ళు 'దేనిపై?' అని అడగడం మాకు అలవాటైపోయింది. ఈ వంటకంలో కష్టమంతా పై అంతస్తులోనే ఉంది కాబట్టి ఆ ప్రశ్న పూర్తిగా తప్పు కూడా కాదు.

విదేశీ వంటల పుస్తకాల్లో రాసే లెమన్, మన నిమ్మకాయ ఒకటేనా?

కాదు. ఇక్కడ చేసే పైలు పాడవడానికి సగం కారణం ఈ తేడాను పట్టించుకోకపోవడమే. వాళ్ళు లెమన్ అనేది మందపాటి తొక్కతో, కోడిగుడ్డంత పరిమాణంలో, పసుపు పచ్చగా ఉండే కాయ. మన పెరళ్ళలో కాసే వాటిలో దానికి దగ్గరగా వచ్చేది గజనిమ్మ. మనం రోజూ పప్పులోకీ పులిహోరలోకీ పిండుకునే గుండ్రటి, పలుచటి తొక్క గల నిమ్మకాయ శాస్త్రీయంగా వేరే జాతి. దాన్ని సిట్రస్ ఆరంటిఫోలియా అంటారు.

ఇందులో నిరాశపడవలసినది ఏమీ లేదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రానికి దక్షిణపు కొసన ఉన్న చిన్న దీవుల్లో 'కీ లైమ్' అని పిలిచే కాయ సరిగ్గా ఈ జాతిదే. ఆ కాయతో అక్కడివారు చేసే పై ఎంత పేరు పొందిందంటే, 2006లో ఫ్లోరిడా దాన్ని తన అధికారిక 'పై'గా ప్రకటించుకుంది. ఆ దీవుల్లో ఒకప్పుడు తాజా పాలు దొరకడం కష్టంగా ఉండేది, ప్రధాన భూభాగం నుంచి ఆ దీవుల్లోని కీ వెస్ట్ పట్టణం వరకు 1912లో గానీ రైలు రాలేదు. అందుకే వాళ్ళు డబ్బాల్లో వచ్చే తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్‌లో నిమ్మరసం కలిపి ఆ వంటకాన్ని తయారు చేసుకున్నారు. అంటే మన నిమ్మకాయకు పైలో చోటు మనం కొత్తగా కల్పించనక్కరలేదు, అది ఎప్పుడో ఉన్నదే.

అయితే కొలత మాత్రం మార్చుకోవాలి. ఒక లెమన్‌కు సుమారు 40 నుంచి 45 మి.లీ. రసం వస్తే, మన నిమ్మకాయకు 15 నుంచి 20 మి.లీ. మాత్రమే వస్తుంది. పుస్తకంలో 'రెండు లెమన్లు' అని ఉన్నచోట రెండు నిమ్మకాయలు పిండి ఊరుకుంటే పులుపులేని పంచదార జావ తయారవుతుంది. కాయలను లెక్కపెట్టకుండా రసాన్ని మి.లీ.లలో కొలవడం ఒక్కటే నమ్మదగిన మార్గం.

ఎలాంటి కాయలు ఎంచుకోవాలి?

ఏలూరు వైపు తోటల నుంచి వచ్చినా, గూడూరు నుంచి లారీల్లో దిగినా, చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉండి, తొక్క నున్నగా, పలుచగా ఉండి, ఆకుపచ్చ నుంచి పసుపులోకి తిరుగుతున్న కాయ మంచిది. పూర్తిగా పచ్చిగా ఉన్న కాయలో రసం తక్కువ, తొక్కలో చేదు ఎక్కువ. కాయను కడిగి, తుడిచి, ముందు తొక్క తురుముకొని ఆ తరువాతే కోసి పిండాలి. పిండేసిన తొక్కను తురమడం ఎవరి వల్లా కాదు. తురిమేటప్పుడు రంగు ఉన్న పైపొరను మాత్రమే తీసి, కింద తెల్లటి పొర కనబడగానే కాయను తిప్పుకోవాలి. మన నిమ్మ తొక్క పలుచన కాబట్టి ఇక్కడ చెయ్యి చాలా తేలికగా ఆడాలి.

దబ్బకాయ, నారింజ, పంపరపనస, బత్తాయిలతో చేయవచ్చా?

దబ్బకాయతో నిస్సందేహంగా చేయవచ్చు. దబ్బకాయ పులిహోర తిన్నవారికి ఆ వాసన ఎంత ఘాటుగా, ఎంత హాయిగా ఉంటుందో తెలుసు, ఆ వాసన పైలో కూడా నిలుస్తుంది. కాకపోతే తొక్క కింది తెల్లటి దళసరి పొర చేదు కాబట్టి తురుము అర చెంచాకు మించకూడదు, గింజలు నలగకుండా రసం తీయాలి. పుల్ల నారింజ రసం కూడా బాగుంటుంది. బత్తాయిలోనూ పంపరపనసలోనూ పులుపు చాలా తక్కువ. వాటి రసంతో చేయాలనుకుంటే మూడు వంతుల్లో కనీసం ఒక వంతు నిమ్మరసం కలపండి, పంచదార తగ్గించండి. బత్తాయి రసం ఒక్కదానితోనే చేసిన పై, మెరాంగ్ తీపి కింద నలిగిపోతుంది. ఈ వంటకంలో పులుపు ఉన్నది ఆ తీపికి ఎదురు నిలబడడానికే.

కొలతలు ఏమిటి?

ఇవి 23 సెం.మీ. వ్యాసం గల పళ్లానికి సరిపోయే కొలతలు, ఎనిమిది మందికి వస్తుంది.

అడుగు రొట్టెకు మైదా 180 గ్రాములు, చల్లటి వెన్న 110 గ్రాములు, పంచదార ఒక పెద్ద చెంచా, చిటికెడు ఉప్పు, మంచుముక్కలు వేసిన నీళ్ళు మూడు పెద్ద చెంచాలు కావాలి. పుల్లటి ముద్దకు నీళ్ళు 300 మి.లీ., పంచదార 220 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 45 గ్రాములు, పచ్చసొనలు నాలుగు, నిమ్మరసం 110 మి.లీ. (ఆరేడు కాయలు), నాలుగు కాయల తొక్క తురుము, వెన్న 30 గ్రాములు, కొద్దిగా ఉప్పు. మెరాంగ్‌కు తెల్లసొనలు నాలుగు, పంచదార 200 గ్రాములు, పాకానికి నీళ్ళు 70 మి.లీ., నిమ్మరసం అర చెంచా.

పంచదార ఎక్కువనిపించి తగ్గించాలనుకునేవారు పుల్లటి ముద్దలో 30 గ్రాముల వరకు తగ్గించుకోవచ్చు. మెరాంగ్‌లో మాత్రం తగ్గించకూడదు, ఎందుకంటే అక్కడ పంచదార ఉన్నది తీపి కోసం మాత్రమే కాదు, నురగ నిలబడడానికి కూడా.

మా ఊళ్ళో ఎండకు వెన్న కరిగిపోయి పిండి జావలా అవుతోంది. ఏం చేయాలి?

వెన్న సుమారు 32 నుంచి 35 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో అమలాపురంలోనో భీమవరంలోనో మధ్యాహ్నం పూట వంటింటి వేడి దానికంటే ఎక్కువే. రొట్టె పొరలుగా, గుల్లగా రావాలంటే వెన్న చిన్న చిన్న ముక్కలుగానే పిండిలో మిగిలి, ఓవెన్‌లో కరిగి, అందులోని నీరు ఆవిరై పొరలను విడదీయాలి. ముందే కరిగితే అది పిండికి పట్టి, కాలిన తరువాత పెంకులా గట్టిపడుతుంది.

కాబట్టి ఈ పనిని తెల్లవారుజామున పెట్టుకోండి. మైదాను, గిన్నెను, చపాతీ కర్రను కూడా అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. వెన్నను సెనగగింజంత ముక్కలుగా కోసి, వేళ్ళ కొసలతో మాత్రమే పిండిలో కలపండి. అరచేతి వేడి తగలకూడదు. నీళ్ళు చిలకరించి ముద్ద కాగానే ఆపేయండి. చపాతీ పిండిలా మర్దించే అలవాటు మన చేతులకు ఉంటుంది, ఇక్కడ ఆ అలవాటే శత్రువు. ఎంత మర్దిస్తే మైదాలో అంత సాగుడు వచ్చి, కాలేటప్పుడు రొట్టె అంచులు ముడుచుకుపోతాయి. ముద్దను గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, ఒత్తి, పళ్లెంలో పరచి, మళ్ళీ అరగంట చల్లార్చాలి.

వెన్నకు బదులు నెయ్యి వాడవచ్చా?

వాడవచ్చు, కానీ ఫలితం వేరు. బజారు వెన్నలో ఆరో వంతు దాకా నీరుంటుంది, నేతిలో అది ఉండదు. అందుకే నేతితో చేసిన రొట్టె పొరలుగా కాక నాన్‌ఖటాయిలా రవ్వరవ్వగా రాలుతుంది. గడ్డకట్టిన నెయ్యి 90 గ్రాములు చాలు. ఇంట్లో చిలికిన గేదె వెన్న వాడేవారు మజ్జిగ పూర్తిగా పోయేలా చన్నీళ్ళలో రెండు మూడు సార్లు కడిగి, గట్టిపడే వరకు చల్లార్చి వాడాలి. ఇవేవీ కుదరకపోతే 200 గ్రాముల మారీ బిస్కెట్లు పొడి చేసి, 90 గ్రాముల కరిగిన వెన్నతో కలిపి పళ్లెంలో అద్ది, 175 డిగ్రీల దగ్గర పది నిమిషాలు కాల్చితే సరిపోతుంది. మొదటిసారి చేసేవారికి మేము ఈ దారినే చెబుతాము.

అడుగు రొట్టె మెత్తగా నానిపోతోంది. ఎందుకు?

రొట్టెను విడిగా పూర్తిగా కాల్చకుండానే ముద్ద పోయడం వల్ల. పరచిన పిండికి ఫోర్కుతో చిల్లులు పొడిచి, మీద బేకింగ్ కాగితం వేసి, దాని నిండా పచ్చి సెనగలో బియ్యమో పోసి, 190 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు కాల్చాలి. తరువాత ఆ బరువు తీసేసి, లేత గోధుమరంగు వచ్చే వరకు ఇంకో పది, పన్నెండు నిమిషాలు ఉంచాలి. ఆ వేడి మీదే లోపలి వైపు గిలక్కొట్టిన తెల్లసొనను పలుచగా పూసి రెండు నిమిషాలు మళ్ళీ లోపల పెడితే, అది గచ్చు పూతలా చిల్లులను మూసి తడిని ఆపుతుంది. కాల్చిన సెనగలు వండుకోవడానికి పనికిరావు, వాటిని డబ్బాలో దాచుకొని వచ్చేసారి ఇదే పనికి వాడుకోవచ్చు.

నిమ్మరసం ముద్దను ఏ గిన్నెలో వండాలి?

స్టీలు గిన్నెలో. నిమ్మరసం ఆమ్లం కాబట్టి అల్యూమినియం గిన్నెలోనూ, కళాయి పూత అరిగిపోయిన ఇత్తడి గిన్నెలోనూ లోహంతో కలిసి రుచినీ రంగునూ పాడుచేస్తుంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచవద్దని పెద్దవాళ్ళు చెప్పే మాట ఇక్కడా వర్తిస్తుంది.

ముద్ద రాత్రి చిక్కగానే ఉంది, పొద్దున్నకు నీళ్ళలా అయింది. కారణం ఏమిటి?

ఈ ప్రశ్న అడగనివారు లేరు. కారణాలు రెండు.

మొదటిది పచ్చసొన. అందులో పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. మన లాలాజలంలో ఉన్నదీ ఈ కోవదే. పచ్చసొన వేశాక ముద్దను సరిగా ఉడికించకపోతే ఆ ఎంజైము బతికిపోయి, ఫ్రిజ్‌లో ఉన్నా మెల్లగా కార్న్‌ఫ్లోర్‌ను కరిగిస్తూనే ఉంటుంది. గుడ్డు విరిగిపోతుందన్న భయంతో చాలామంది పొయ్యిని ముందే ఆపేస్తారు. కార్న్‌ఫ్లోర్, పంచదార ఉన్న ముద్దలో పచ్చసొన అంత తేలికగా విరగదు, కాబట్టి పచ్చసొన కలిపాక ముద్ద తుకతుకమని బుడగలు వేస్తూ కనీసం ఒకటి రెండు నిమిషాలు ఉడకాలి.

రెండవది నిమ్మరసం. మరిగే వేడిలో ఆమ్లం కూడా పిండిపదార్థాన్ని తెగ్గొడుతుంది. అందుకే రసాన్ని మొదట్లో పోయకూడదు. వరస ఇలా ఉండాలి: నీళ్ళు, పంచదార, కార్న్‌ఫ్లోర్, ఉప్పు ఉండలు లేకుండా కలిపి, గరిటె ఆపకుండా తిప్పుతూ చిక్కబడే వరకు ఉడికించాలి. అందులోంచి రెండు మూడు గరిటెల వేడి ముద్దను పచ్చసొనల్లో కొద్దికొద్దిగా కలిపి, ఆ మిశ్రమాన్ని తిరిగి గిన్నెలో పోసి, పైన చెప్పినట్లు బుడగలు వచ్చేలా ఉడికించాలి. పొయ్యి ఆపాక వెన్న, తురుము, చివరగా రసం కలపాలి. రసం పడగానే ముద్ద కొంచెం జారుగా అవుతుంది, కంగారు పడవద్దు, చల్లారితే బిగుస్తుంది.

రంగు ఆకుపచ్చగా రాలేదని కొందరు రంగు చుక్కలు వేస్తారు. నిమ్మరసానికీ పచ్చసొనకూ కలిసి వచ్చే రంగు లేత పసుపే, అదే దాని అందం.

ఫారం గుడ్లా, నాటుగుడ్లా?

ఫారం గుడ్లే అనుకూలం. అనపర్తి, తణుకు చుట్టుపక్కల కోళ్ళ ఫారాలు ఉన్నందువల్ల మన దగ్గర తాజా గుడ్లకు కొరత లేదు, వాటి పరిమాణం కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. మామూలు ఫారం గుడ్డులో తెల్లసొన 30 గ్రాములకు కాస్త పైన ఉంటుంది. నాటుగుడ్డు చిన్నది, అందులో తెల్లసొన తక్కువ. నాటుగుడ్లే వాడాలనుకుంటే ఐదు కొట్టి, తెల్లసొనను 130 గ్రాములకు తూచుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే సొనలు విడదీయడం సులువు, ఆ తరువాత తెల్లసొనను అరగంట బయట ఉంచితే నురగ బాగా వస్తుంది.

తెల్లసొన ఎంత గిలక్కొట్టినా నురగ నిలవడం లేదు. పొరపాటు ఎక్కడ?

తొంభై శాతం సందర్భాల్లో జిడ్డు వల్ల అని చెప్పాలనిపిస్తుంది కానీ, లెక్క ఎవరూ కట్టలేదు. మేము చూసినంతలో మాత్రం అదే మొదటి కారణం. తెల్లసొనలో పదింట తొమ్మిది వంతులు నీరే, మిగిలిన కాస్త మాంసకృత్తులే గాలిబుడగల చుట్టూ వలలా అల్లుకోవాలి. ఒక్క చుక్క పచ్చసొన పడినా, గిన్నెకు పాత నూనె జిడ్డు ఉన్నా ఆ వల తెగిపోతుంది. ప్లాస్టిక్ గిన్నెను ఎంత తోమినా జిడ్డు వదలదు. స్టీలు గిన్నెను నిమ్మచెక్కతో రుద్ది, కడిగి, పొడిగుడ్డతో తుడిచి వాడండి.

మిక్సీ జారులో నురగ రాదు, దాని బ్లేడు కోస్తుందే తప్ప గాలి కలపదు. చేతి బీటరు ఉత్తమం. మజ్జిగ కవ్వంతో ప్రయత్నించిన ధైర్యవంతులు ఉన్నారు, నురగ వచ్చింది, భుజం పోయింది. అర చెంచా నిమ్మరసం ముందే వేస్తే ఆ వల కాస్త ఆలస్యంగా బిగుసుకొని, అతిగా గిలక్కొట్టినా త్వరగా విరగకుండా ఉంటుంది.

మెరాంగ్‌లో ఏ పద్ధతి మన వాతావరణానికి నప్పుతుంది?

మెరాంగ్ చేయడానికి మూడు పద్ధతులు ఉన్నాయి. తెల్లసొనను గిలక్కొడుతూ పొడి పంచదారను చెంచా చెంచాగా కలిపేది ఫ్రెంచి పద్ధతి. తెల్లసొనను, పంచదారను కలిపి మరిగే నీళ్ళ గిన్నె మీద పెట్టి, వేళ్ళ మధ్య రుద్దితే పలుకు తగలనంత వరకు కరిగించి, వేడెక్కాక గిలక్కొట్టేది స్విస్ పద్ధతి. గిలక్కొట్టిన తెల్లసొనలో వేడి పంచదార పాకాన్ని సన్నటి ధారగా పోస్తూ గిలక్కొట్టేది ఇటాలియన్ పద్ధతి.

పుస్తకాలన్నీ మొదటిసారి చేసేవారికి ఫ్రెంచి పద్ధతి చెప్పి, ఇటాలియన్ పద్ధతిని అనుభవజ్ఞులకు వదిలేస్తాయి. గోదావరి డెల్టాలో ఆ వరసను తిరగేయాలన్నది మా అభిప్రాయం. ఇక్కడ కాలువలు, చెరువులు, వరిచేలు, పక్కనే సముద్రం, గాలిలో తడికి కొదవలేదు. పంచదార గాలిలోని తడిని పీల్చుకుంటుంది. ఓవెన్ వేడి మీద ఆధారపడి ఉడికే ఫ్రెంచి మెరాంగ్ ఈ గాలికి గంట రెండు గంటల్లో చెమర్చడం మొదలుపెడుతుంది. ఇటాలియన్ పద్ధతిలో పాకం వేడికే తెల్లసొన చాలావరకు ఉడికి బిగుస్తుంది కాబట్టి అది ఎక్కువసేపు నిలుస్తుంది.

పైగా ఆ పద్ధతిలో కష్టమని చెప్పే పని పాకం పట్టడమే. తాపేశ్వరం మడతకాజా, కాకినాడ గొట్టం కాజా పుట్టిన నేల మీద, సంక్రాంతికి ఇంటింటా అరిసెల పాకం చూసే చేతులకు అది కష్టమంటే నమ్మలేము. పాకం 118 డిగ్రీలకు రావాలని పుస్తకాలు చెబుతాయి. థర్మామీటరు లేకపోతే నీళ్ళ గిన్నెలో చుక్క వేసి చూడండి. కాజాలకు పట్టే తీగపాకం దీనికి చాలదు. అరిసెలకు మెత్తటి ఉండ కట్టే పాకం దగ్గర ఇంకొక్క నిమిషం ఆగి, ఉండ చేతిలో నిలబడి, నొక్కితే మాత్రం అణగాలి. పళ్లెం మీద కొడితే టంగుమనే వేరుశనగ అచ్చు పాకం వచ్చిందంటే దాటిపోయినట్టే. అప్పుడు రెండు చెంచాల నీళ్ళు పోసి మళ్ళీ కాచుకోవచ్చు.

పాకం పొయ్యి మీద దగ్గరకు వస్తుండగానే తెల్లసొనను, నిమ్మరసాన్ని గిలక్కొట్టడం మొదలుపెట్టి, మెత్తటి నురగ వచ్చాక, గిన్నె అంచు వెంబడి పాకాన్ని దారంలా పోయాలి. బీటరు మీద పడితే అది చింది గిన్నె గోడలకు గట్టిపడి అంటుకుంటుంది, చేతుల మీద పడితే బొబ్బలెక్కుతాయి. ఒకరు పోస్తుండగా ఇంకొకరు బీటరు పట్టుకోవడం క్షేమం. గిన్నె అడుగు గోరువెచ్చగా అయ్యే వరకు గిలక్కొడితే, నురగ మెరుస్తూ, బీటరు ఎత్తినప్పుడు కొస నిటారుగా నిలబడుతుంది.

డబ్బాల్లో దొరికే పంచదార పొడిని ఫ్రెంచి మెరాంగ్‌కు వాడేవారు ఒక సంగతి చూసుకోవాలి. అందులో ఉండకట్టకుండా కార్న్‌ఫ్లోర్ కలిపి ఉంటారు. మన పంచదార పలుకు పెద్దది, దాన్నే మిక్సీలో ఒక తిప్పు తిప్పుకుంటే చాలు. బెల్లంతో మెరాంగ్ చేయాలన్న కోరిక మంచిదే కానీ, బెల్లంలోని తడి, మలినాలు నురగను నిలవనివ్వవు.

మెరాంగ్ మీద తేనెబొట్లు, కింద నీళ్ళు వస్తున్నాయి. ఈ రెండూ ఒకటేనా?

రెండూ వేరు, కారణాలు దాదాపు ఎదురెదురు. పైన బంగారు రంగు బొట్లు తేలితే మెరాంగ్ అతిగా కాలిందని అర్థం. బిగుసుకుపోయిన మాంసకృత్తులు తమలోని పంచదార నీటిని బయటికి పిండేస్తాయి. మెరాంగ్‌కూ నిమ్మ ముద్దకూ మధ్య నీరు చేరితే మెరాంగ్ అడుగు ఉడకలేదని అర్థం. ఒకదాన్ని నయం చేయబోయి ఎక్కువసేపు కాల్చితే రెండోది వస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది.

దీనికి మందు వేడి ముద్ద. నిమ్మ ముద్ద పొయ్యి మీంచి దిగి, పొగలు కక్కుతుండగానే రొట్టెలో పోసి, వెంటనే దాని మీద మెరాంగ్ పరిస్తే, కింది నుంచి ముద్ద వేడి, పైనుంచి ఓవెన్ వేడి కలిసి రెండు వైపులా సమంగా ఉడికిస్తాయి. ముందుగా అంచుల చుట్టూ వేసి, రొట్టె అంచుకు అతుక్కునేలా అద్ది, ఆ తరువాత మధ్యలో నింపాలి. అంచు వదిలేస్తే కాలేటప్పుడు మెరాంగ్ ముడుచుకొని ముద్ద మీద పడవలా తేలుతుంది. ఇటాలియన్ మెరాంగ్‌కు 200 డిగ్రీల దగ్గర ఐదారు నిమిషాలు, ఫ్రెంచి మెరాంగ్‌కు 175 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు చాలు.

ఫ్రెంచి పద్ధతే ఇష్టపడేవారికి ఇంకో ఉపాయం ఉంది. ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్‌ను 80 మి.లీ. నీళ్ళలో గంజిలా కాచి, చల్లార్చి, గిలక్కొట్టిన తెల్లసొనలో చెంచా చెంచాగా కలిపితే ఆ గంజి నీటిని పట్టి ఉంచుతుంది, మెరాంగ్ కత్తికి అంటుకోకుండా తెగుతుంది.

ఇన్ని చేసినా, ముసురు పట్టిన శ్రావణ మాసంలోనో, అక్టోబరు, నవంబరు నెలల వాయుగుండం రోజుల్లోనో ఈ పని పెట్టుకోకండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం మంచు విడిచాక చేసిన పై నిలిచినట్టుగా మరే కాలంలోనూ నిలవదు.

ఓవెన్ లేకపోతే?

బిస్కెట్ల రొట్టెను కాల్చకుండా రెండు గంటలు ఫ్రిజ్‌లో బిగించి, నిమ్మ ముద్దను పొయ్యి మీదే వండి, ఇటాలియన్ మెరాంగ్ పరిస్తే, మిగిలేది పైన రంగు తెప్పించడం ఒక్కటే. ఇసుక పోసిన కుక్కరులోనూ మందపాటి మూకుడులోనూ కింది వేడే తప్ప పై వేడి ఉండదు కాబట్టి మెరాంగ్ తెల్లగానే ఉండిపోతుంది. మా ఇంట్లో పెద్దవాళ్ళు దిబ్బరొట్టెకు మూత మీద నిప్పులు పోసేవారు, ఆ కిటుకు ఇక్కడ చక్కగా పనిచేస్తుంది. ఇనుప మూత మీద కణకణలాడే బొగ్గులు పోసి, మెరాంగ్‌కు రెండు అంగుళాల ఎత్తున ఐదు నిమిషాలు ఉంచితే కొసలు రంగు తిరుగుతాయి. బూడిద రాలకుండా చూసుకోవాలి.

గుడ్లు తినని వాళ్ళకు, కార్తీక మాసంలో మాకు, వేరే దారి ఉందా?

ఉంది. కాబూలీ సెనగలు ఉడికించిన నీళ్ళు తెల్లసొనలా నురగ కడతాయని 2014లో ఫ్రాన్సులో జోయెల్ రోసెల్ అనే గాయకుడు చూపించాడు. మరుసటి ఏడాది దానికి 'ఆక్వాఫాబా' అనే పేరు వచ్చింది. ఉప్పు వేయకుండా సెనగలు ఉడికించి, ఆ నీటిని తెల్లసొనంత చిక్కబడే వరకు మరిగించి, పూర్తిగా చల్లార్చి, 120 మి.లీ. నీటికి 150 గ్రాముల పొడి పంచదార చొప్పున పది పన్నెండు నిమిషాలు గిలక్కొట్టాలి. ఈ నురగ ఓవెన్ వేడికి తెల్లసొనలా బిగియదు, కాబట్టి పై మీద వేసి వెంటనే వడ్డించాలి. లోపలి ముద్దలో పచ్చసొనకు బదులు 100 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ వేసి, పంచదార 60 గ్రాములు తగ్గిస్తే రుచి బాగా దగ్గరకు వస్తుంది.

మెరాంగ్‌లో గుడ్డు పచ్చిగా మిగిలిపోతుందా?

గుడ్డులో ఉండగల సాల్మొనెల్లా క్రిములు 71 డిగ్రీల వేడికి చనిపోతాయి. పాకం పోసినంత మాత్రాన ఇటాలియన్ మెరాంగ్ అంతటా ఆ వేడి వస్తుందని చెప్పలేము. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు తినేటట్లయితే స్విస్ పద్ధతి ఎంచుకొని, థర్మామీటరు పెట్టి తెల్లసొన, పంచదార మిశ్రమం 71 డిగ్రీలు దాటాకే గిలక్కొట్టండి.

ఎంతసేపు నిల్వ ఉంటుంది? ఊరు తీసుకువెళ్ళవచ్చా?

చేసిన రోజే తినాలి. మామూలు గది వేడిలో రెండు గంటలు, 32 డిగ్రీలు దాటిన ఎండరోజుల్లో ఒక గంట, అంతకుమించి బయట ఉంచకూడదు. ఫ్రిజ్‌లో మూడు రోజుల వరకు పాడవదు కానీ, రెండోరోజుకు మెరాంగ్ కుంగి చెమరుస్తుంది. ఆత్రేయపురం పూతరేకుల్లా డబ్బాలో పెట్టుకొని బస్సెక్కే వంటకం కాదిది. తప్పనిసరైతే రొట్టెను, ముద్దను కలిపి ముందురోజు చేసుకొని చల్లగా తీసుకువెళ్ళి, మెరాంగ్‌ను అక్కడికి చేరాక చేసుకోవాలి.

ముక్కలు శుభ్రంగా కోయడం ఎలా?

గంటసేపు బయట, మిగతా సేపు ఫ్రిజ్‌లో ఉంచి, మొత్తం కనీసం నాలుగు గంటలు చల్లారనివ్వాలి. సన్నటి కత్తిని వేడినీళ్ళలో ముంచి, తుడవకుండా కోసి, ప్రతి కోతకూ మళ్ళీ ముంచాలి.

పిండేసిన నిమ్మ చెక్కలు ఏం చేయాలి?

పైపొర తురిమేసినా లోపలి కండ మిగిలే ఉంటుంది. ముక్కలుగా కోసి, ఉప్పు, పసుపు కలిపి, ఇంకో రెండు కాయల రసం పిండి, జాడీలో మూడు రోజులు ఊరబెట్టి, ఎండబెట్టి, కారం, మెంతిపొడి కలిపి పోపు పెట్టుకుంటే పెరుగన్నంలోకి ఊరగాయ అవుతుంది.